వాడగలిగినవారిని లెక్కించండి: నీరు, పారిశుద్ధ్య పథకాల రూపకర్తలకు బహిరంగ లేఖ

నీటి సరఫరా, పారిశుద్ధ్య పథకాలకు రూపకల్పన చేసే ఇంజనీర్లకు, వాటికి నిధులిచ్చే సంస్థలకు, వాటి ఫలితాలను లెక్కగట్టే గణాంక అధికారులకు నమస్కారాలు.

వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిన నాటి నుంచి నేను చక్రాల కుర్చీలో ఉన్నాను. పద్దెనిమిదేళ్ళు గడిచాయి. ఇన్నేళ్ళుగా ఏ పని మీద ఊరు దాటవలసి వచ్చినా నా ప్రయాణం ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది, ఎందుకంటే అప్పటి నుంచే నేను నీళ్ళు తాగడం మానేస్తాను. దారిలో నేను వాడగలిగిన మరుగుదొడ్డి ఉంటుందన్న నమ్మకం లేకపోవడం వల్ల దాహాన్ని అణచుకోవడం అలవాటైపోయింది. నాలాంటివారు నలుగురు కలిసినప్పుడు ఈ మాట తప్పక వస్తుంది. ఎవరు ఎన్ని గంటలు గుక్కెడు నీళ్ళు లేకుండా ఉండగలరో, పెళ్ళికో పరీక్షకో వెళ్ళవలసిన రోజున ఎవరు ఏమీ తినకుండా నోరు కట్టుకున్నారో చెప్పుకుంటాం. సురక్షితమైన నీరు అందరికీ చేరాలని మీరు పనిచేస్తున్నారు. ఆ నీరు మా గుమ్మం దాకా వచ్చినా గొంతు దాకా ఎందుకు రావడం లేదో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఇలా దాహం అణచుకోవడం ఎంత ప్రమాదమో మా వైద్యులు చెబుతూనే ఉంటారు. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామందికి మూత్రాశయం నిండిన సంగతి తెలియదు, నిండినా దానంతటది పూర్తిగా ఖాళీ కాదు. అందువల్ల నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి, శుభ్రంగా కడుక్కున్న చేతులతో, కెథెటర్ అనే సన్నటి గొట్టాన్ని లోపలికి పంపి ఖాళీ చేసుకోవాలి. దీనికి మూసుకునే తలుపు, పొడిగా కూర్చోవడానికి చోటు, కూర్చున్న చోటి నుంచి అందే కుళాయి, సబ్బు, గొట్టాన్ని శుభ్రంగా పెట్టుకోవడానికి చిన్న అర ఉంటే చాలు. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆ పూటకు మానుకోవడమో, మురికి చేతులతో కానివ్వడమో తప్పదు. నీళ్ళు తక్కువ తాగితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు, రాళ్ళు ఏర్పడే ముప్పు పెరుగుతుంది, మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్‌ఫెక్షన్లు కిడ్నీల దాకా పాకుతాయి. మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో వెన్నుపాము దెబ్బతిన్నవారికైతే మూత్రాశయం నిండిపోవడం వల్లనే రక్తపోటు ఒక్కసారిగా ప్రాణాంతక స్థాయికి పెరగవచ్చు. తడిసిన బట్టల్లో గంటల తరబడి కూర్చున్న చర్మం చితికి పుండ్లు పడుతుంది, స్పర్శ తెలియని శరీరం మీద ఆ పుండు ఎముక దాకా లోతుకు పోయేవరకూ మనిషికి నొప్పి తెలియకపోవచ్చు. మీ నివేదికల్లో సౌకర్యాల లోపం అన్న ఒక్క మాటలో ఇమిడిపోయే విషయం మా ఇళ్ళలో ఆసుపత్రి మంచంగా మారుతుంది.

హక్కుల సంగతి మీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 2006 డిసెంబరు 13న ఆమోదం పొంది, 2008 మే 3న అమల్లోకి వచ్చింది. అందులోని 28వ అధికరణం శుభ్రమైన నీటి సేవలు మాకు సమానంగా అందాలని స్పష్టంగా చెబుతోంది. నీరు, పారిశుద్ధ్యం మానవ హక్కులని 2010 జూలై 28న సర్వప్రతినిధి సభ గుర్తించింది. 2015లో దేశాలన్నీ ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఆరవది 2030 నాటికి ఇవి అందరికీ అందాలంటోంది. కాగితం మీద మాకు లోటు లేదు.

లోటంతా లెక్కలో ఉంది. సర్వే చేసే మనిషి గడప దగ్గర నిలబడి, ఈ ఇంటికి మరుగుదొడ్డి ఉందా అని అడుగుతారు. ఇంటి పెద్ద ఉందని చెబుతారు. ఆ ఇల్లు సౌకర్యం ఉన్న ఇళ్ళ జాబితాలో చేరిపోతుంది. ఆ మరుగుదొడ్డి పెరటి చివర నాలుగు మెట్లెక్కి వెళ్ళేచోట ఉందని, కాళ్ళు పడిపోయిన ఆ ఇంటి ఆడపడుచు దాని ముఖమైనా చూడలేదని, చీకటి పడేదాకా ఆగి చేతుల మీద పాకుతూ ఇంటి వెనక్కి వెళ్ళి వస్తోందని అడిగేవారు లేరు, చెప్పేవారు అంతకన్నా లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1990 నుంచి కలిసి నడుపుతున్న పర్యవేక్షణ కార్యక్రమం లెక్క ప్రకారం, బయటి మురికి చేరకుండా కట్టిన మెరుగైన నీటి వనరు నుంచి వరుసలో నిలబడే సమయంతో సహా ముప్పై నిమిషాల్లో నీళ్ళు తెచ్చుకుని రాగలిగితే ఆ ఇంటికి ప్రాథమిక నీటి సేవ ఉన్నట్టే. ఆ ముప్పై నిమిషాలు ఎవరి నడకతో కొలిచినవి? ఇరవై లీటర్ల నీళ్ళంటే పాత్ర బరువు కాకుండానే ఇరవై కిలోలు. ఊతకర్ర పట్టుకున్న చేత్తో దాన్ని ఎవరూ మోయలేరు. ఆ బరువు మోయడానికి ఇంకొకరిని బతిమాలుకునేవారికి నీటివనరు అరగంట దూరంలో లేదు, అవతలివారికి తీరిక దొరికేంత దూరంలో ఉంది.

ఇలా లెక్కించడం అసాధ్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అదే పర్యవేక్షణ కార్యక్రమం ఆసుపత్రుల విషయంలో మరింత జాగ్రత్తగా ఆలోచించింది. నడవలేనివారు వాడగలిగిన మరుగుదొడ్డి కనీసం ఒక్కటైనా లేని వైద్య కేంద్రానికి ప్రాథమిక పారిశుద్ధ్యం ఉన్నట్టు గుర్తించదు. బడుల విషయానికి వచ్చేసరికి ప్రాథమిక స్థాయి నిర్వచనంలో ఆ షరతు కనబడదు. విద్యా లక్ష్యాల సూచికల్లో వికలాంగ విద్యార్థులకు అనువైన సదుపాయాలు ఒక అంశం, తాగునీరు ఒక అంశం, మరుగుదొడ్లు వేరొక అంశం. దేనికది విడిగా లెక్కించడం వల్ల, గేటు దగ్గర ర్యాంపు, ఆవరణ చివర మెట్ల మీద మరుగుదొడ్డి ఉన్న బడికి కూడా అన్ని గడుల్లోనూ టిక్కు పడే అవకాశం ఉంటుంది. ఆ ర్యాంపు మీదుగా లోపలికి వచ్చిన పిల్ల మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని, ఆ తరువాత బడి మానేస్తుంది. వైకల్యం ఉన్న పిల్లలు ప్రపంచంలో దాదాపు 24 కోట్ల మంది ఉన్నారని యునిసెఫ్ 2021లో అంచనా వేసింది. వారిలో ఎందరు చదువు రాక మానేశారో, ఎందరు మరుగుదొడ్డి లేక మానేశారో విడదీసి చెప్పే లెక్క కావాలి.

పనిముట్లు మీ చేతుల్లోనే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం కింద 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు ఆరు చిన్న ప్రశ్నలు తయారుచేసింది. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం వంటి సొంత పనులు చేసుకోవడం, తమ మాట ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం, వీటిలో మీకెంత ఇబ్బంది ఉందని అవి అడుగుతాయి. వైకల్యం ఉందా అని మొహం మీద అడిగితే అవమానంగా భావించి లేదనేవారు కూడా ఈ ప్రశ్నలకు జవాబు చెబుతారు. వీటిని ఇంటి పెద్దను కాకుండా ఇంట్లోని ఒక్కొక్కరినీ అడిగి, వాటి పక్కన ఇంకొక్క ప్రశ్న చేర్చండి: ఈ ఇంటి మరుగుదొడ్డిని, కుళాయిని పగలైనా రాత్రైనా మీకు అవసరమైనప్పుడు ఎవరి సాయమూ లేకుండా వాడగలుగుతున్నారా? నేను అడుగుతున్న మొదటి మార్పు ఇదే. దీని వెనుక మిగిలినవన్నీ వస్తాయి, ఎందుకంటే లెక్కలోకి రాని మనిషికి ఏ పథకంలోనూ నిధి ఉండదు.

ఇక కట్టడాల సంగతి. కొన్నేళ్ళ క్రితం, నీటి పథకం గురించే చర్చించడానికి నన్ను ఒక కొత్త భవనానికి పిలిచారు. దాని పేరు ఇక్కడ అనవసరం. వాకిట్లో ర్యాంపు ఉంది, నడవా చివర తలుపు మీద చక్రాల కుర్చీ గుర్తు నీలిరంగులో మెరుస్తోంది. తలుపుకి తాళం వేసి ఉంది. తాళంచెవి కోసం ఇద్దరు మనుషులు రెండు అంతస్తులు తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తెరిస్తే లోపల చీపుర్లు, తుడుపుగుడ్డలు, విరిగిన కుర్చీ ఒకటి. అవన్నీ బయటపెట్టించుకుని నేను లోపలికి వెళ్ళాక తెలిసింది, ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందని, నా కుర్చీ లోపల ఉండగా అది మూసుకోదని. పట్టుకునే కమ్మీ గోడకు గట్టిగానే బిగించారు కానీ కమోడ్ మీది నుంచి చెయ్యి చాపితే అది జానెడు దూరంలో ఆగిపోయింది. నాతో వచ్చిన అమ్మాయి నడవా వైపు తిరిగి నిలబడి తన దుపట్టా రెండు చేతులా పరిచి పట్టుకుంది. ఆ పరదా వెనుక నేను నా పని ముగించుకుని, సమావేశంలోకి వెళ్ళి కూర్చుని, నీటి సరఫరాలో సమానత్వం గురించి మాట్లాడాను. ఆ గది కట్టినవారికి బిల్లు పూర్తిగా చెల్లించే ఉంటారు, ఎందుకంటే పట్టికలో రాసిన ప్రతి వస్తువూ అక్కడ ఉంది.

కొలతలు పెద్ద రహస్యమేమీ కాదు. తలుపు తెరిచాక దారి సుమారు ఎనభై నుంచి ఎనభై అయిదు సెంటీమీటర్లకు తగ్గకూడదు. లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి నూట యాభై సెంటీమీటర్ల ఖాళీ కావాలి. కమోడ్ ఎత్తు కుర్చీ ఎత్తుకు దగ్గరగా ఉంటే ఒకదాని మీది నుంచి ఒకదాని మీదికి జరగడానికి వీలవుతుంది. ర్యాంపు ఒక అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండు అంగుళాల పొడవు సాగాలి, పైన తలుపు ముందు సమతలమైన చోటుండాలి, లేకపోతే ఒక చేత్తో తలుపు తెరుస్తుండగా కుర్చీ వెనక్కి జారిపోతుంది. కుళాయికి గుండ్రటి పిడి కాకుండా మోచేత్తోనైనా నెట్టగలిగే పొడవాటి పిడి పెడితే వేళ్ళు పనిచేయనివారూ, కీళ్ళవాతం ఉన్న వృద్ధులూ, చిన్న పిల్లలూ వాడుకుంటారు. ఇవన్నీ నక్షా గీసేటప్పుడు పెన్సిలు గీత జరిపినంత పని. కట్టిన తరువాత సరిచేయాలంటే గోడ పగలగొట్టాలి. ఆ ఖర్చు చూపించే చాలాచోట్ల మాకు లేదంటారు.

నా కుర్చీకి సరిపోయే గది కట్టినంత మాత్రాన అందరికీ అందినట్టు కాదు, ఈ మాట నేనే చెప్పాలి. చూపు లేని నా స్నేహితురాలు ఒకసారి వివరించేవరకూ నాకూ తోచలేదు. తెలియని చోట మరుగుదొడ్డిలోకి వెళితే కూర్చోవలసిన చోటు ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడున్నాయో ఆమె చేత్తో తడిమి తెలుసుకోవాలి. ముందు వెళ్ళినవారు ఏమి వదిలి వెళ్ళారో కూడా ఆ చేతికే తెలుస్తుంది. అన్నిచోట్లా లోపలి అమరిక ఒకే తీరుగా ఉండటం, దారి పొడవునా కర్రకు తగిలే అంచు కట్టడం, గోడకూ కమోడ్‌కూ వేర్వేరు రంగులు వేయడం వంటి పనులకు అదనపు స్థలమైనా అక్కరలేదు. చేతుల మీద పాకేవారికి మరుగుదొడ్డి నేలే కాలిబాట, చేతులు ఆనించే చోటూ అదే. అది ఎప్పుడూ తడిగా ఉంటే వారి అరచేతులు ఎప్పుడూ శుభ్రంగా ఉండవు. వినబడనివారికి నీళ్ళు వదిలే వేళను మైకులో చెబితే చేరదు, లోపల ఉండగా తలుపు ఎవరు తడుతున్నారో తెలియదు కాబట్టి గడియ పడిందా లేదా అన్నది బయటికి కనిపించాలి. బుద్ధిమాంద్యం ఉన్నవారికి బొమ్మలతో చూపిన వరుస, ప్రతిరోజూ ఒకే క్రమం కావాలి.

2020లో కరోనా వ్యాపించినప్పుడు చేతులు కడుక్కోండని లోకమంతా చెప్పింది. ఎవరూ కుళాయిని ముట్టుకోకుండా కాలితో తొక్కితే నీళ్ళు వచ్చే ఏర్పాట్లు అనేక చోట్ల వెలిశాయి. సదుద్దేశంతో చేసిన పనే. వాటి ముందు నేను నా కుర్చీలో కూర్చుని, ఎవరైనా వచ్చి నా కోసం తొక్కుతారేమోనని చూసిన రోజులున్నాయి. మనిషికి మనిషి దూరంగా ఉండాలన్న ఆ రోజుల్లో నేను చేతులు కడుక్కోవడానికి మరొకరిని దగ్గరికి పిలవవలసి వచ్చింది. కాలి మీట పక్కనే చేతి మీట ఒకటి పెట్టి ఉంటే సరిపోయేది. ఆ నమూనా గీసిన బల్ల దగ్గర మాలో ఒక్కరు కూర్చుని ఉన్నా అది నిమిషంలో తేలిపోయేది.

నెలసరి గురించి మీ ప్రణాళికల్లో ఇప్పుడు రాస్తున్నారు, సంతోషం. కానీ ఆ పేజీల్లో వైకల్యం ఉన్న స్త్రీ అరుదుగా కనిపిస్తుంది. చూపు లేని అమ్మాయికి బట్ట తడిసిందో లేదో చెప్పేవారు ఉండాలి. చేతులు కదలని అమ్మాయికి ప్యాడ్ మార్చేవారు ఉండాలి, ఇద్దరూ పట్టేంత గది ఉండాలి, వాడినవి వేయడానికి బుట్ట చేతికందేలా ఉండాలి. బుద్ధిమాంద్యం ఉన్న కూతురికి ప్రతి నెలా ఇది ఎలా నేర్పాలో ఏ శిక్షణలోనూ తల్లికి చెప్పరు. ఈ భారం మోయలేకనే కొన్ని కుటుంబాలు కూతురి గర్భసంచిని తీయించివేయడానికి సిద్ధపడతాయి. సంతానశక్తిని నిలుపుకునే హక్కు మిగిలిన అందరితో సమానంగా మాకూ ఉందని ఒడంబడిక 23వ అధికరణం చెబుతుంది. నీళ్ళున్న ఒక గది, మార్చుకోవడానికి శుభ్రమైన బట్ట, ఓపికగా నేర్పే ఒక మనిషి లేకపోవడం ఒక ఆడపిల్ల శరీరాన్ని కోసేదాకా వెళుతుందంటే, పారిశుద్ధ్య శాఖ తన పని గొట్టాలు వేయడంతో ముగుస్తుందని ఎలా అనుకోగలదు?

సాయం చేసేవారి నడుముల గురించి కూడా ఒక మాట. పెద్దవారిని ఎత్తి కూర్చోబెట్టే, పడుకోబెట్టి బట్టలు మార్చే పని చాలామటుకు తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు చేస్తున్నారు. బయటికి వెళ్ళినప్పుడు ఎదిగిన కొడుకును మరుగుదొడ్డి నేల మీద పడుకోబెట్టి శుభ్రం చేయవలసి వచ్చిన తల్లులు నాకు తెలుసు. పెద్దవారిని పడుకోబెట్టే బల్ల, ఎత్తే యంత్రం ఉన్న గదుల కోసం బ్రిటన్‌లో 2006లో మొదలైన ఉద్యమం ఫలితంగా, ఇంగ్లండులో కొత్తగా కట్టే పెద్ద ప్రజాభవనాల్లో 2021 నుంచి అవి తప్పనిసరి అయ్యాయి. అడిగినది అలాంటి తల్లిదండ్రులే, సంరక్షకులే.

వరదలు, యుద్ధాలు, వలసలు వచ్చినప్పుడు వేసే శిబిరాలకు, సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ అనే కనీస ప్రమాణాలు ఉన్నాయి: రోజుకు మనిషికి కనీసం 15 లీటర్ల నీరు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, నీటి కేంద్రం 500 మీటర్లు దాటకూడదు. కుర్చీయో ఊతకర్రో ఇంటి దగ్గరే కొట్టుకుపోయినవారికి బురదలో 500 మీటర్లంటే ఎంత దూరమో మీరే ఊహించండి. కుటుంబాలకు చోటు కేటాయించేటప్పుడే నడవలేనివారు ఉన్న కుటుంబాలను నీటికి, మరుగుదొడ్డికి దగ్గరగా ఉంచవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు, మొదటి రోజునే పేర్లు రాసుకునేటప్పుడు అడిగితే చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం గణనీయమైన వైకల్యంతో బతుకుతున్నవారు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. ఇంతమంది గురించి నిర్ణయించే గదుల్లో మేము ఎందుకు ఉండమన్నది నా చివరి ప్రశ్న. ఏ కట్టడమైనా వీలైనంతవరకు అందరూ వాడగలిగేలా ఉండాలనే సార్వజనీన రూపకల్పన అన్న ఆలోచనకు పేరుపెట్టిన రొనాల్డ్ మేస్ చిన్నతనంలో పోలియో వచ్చి చక్రాల కుర్చీలో పెరిగిన వాస్తుశిల్పి. చదువుకునే రోజుల్లో ఆయనను మెట్ల మీద మోసుకుపోవలసి వచ్చేది, విశ్వవిద్యాలయపు మరుగుదొడ్ల తలుపుల్లో ఆయన కుర్చీ పట్టేది కాదు. తలుపుల వెడల్పు గురించి ఆయనకున్న అవగాహన పుస్తకాల్లోంచి రాలేదు. మాతో సన్నిహితంగా సంప్రదించాలని ఒడంబడిక 4వ అధికరణం కోరుతుంది. కట్టడం పూర్తయ్యాక రిబ్బను కత్తిరించేటప్పుడు ఫొటోలో మమ్మల్ని ముందువరుసలో కూర్చోబెట్టడం సంప్రదింపు కాదు.

అందుచేత రెండవ మార్పుగా ఇది చేయండి. నక్షా దశలోనే వేర్వేరు వైకల్యాలున్న కనీసం నలుగురికి, వారిలో సగం మంది స్త్రీలు ఉండేలా, దాన్ని చూపించండి. నేల మీద సుద్దముక్కతో గదిని అసలు కొలతల్లో గీసి, మమ్మల్ని అందులో తిరిగి చూడనివ్వండి. కట్టడం పూర్తయ్యాక అదే నలుగురూ ఎవరి సాయమూ లేకుండా లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, వాడి, చేతులు కడుక్కుని బయటికి వచ్చేవరకూ గుత్తేదారుకు ఆఖరి బిల్లు చెల్లించకండి. ఆ పనికి మాకు సలహాదారులకిచ్చినట్టే రుసుము ఇవ్వండి, ఏడాదికొకసారి మళ్ళీ పిలవండి, ఎందుకంటే ఊడిపోయిన కమ్మీ, తాళం పడిన తలుపు, చీపుర్లు చేరిన మూల ఆ ఏడాదిలోనే వస్తాయి.

మీలో ఎవరు పిలిచినా నేను రావడానికి సిద్ధంగా ఉన్నాను. తేదీ చెప్పేటప్పుడు, సమావేశం జరిగే చోట నేను వాడగలిగిన మరుగుదొడ్డి ఉందో లేదో దయచేసి ముందుగా ఎవరినైనా పంపి చూపించి, తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో కూడా రాయండి. ముందు రోజు సాయంత్రం నీళ్ళు తాగవచ్చో లేదో నేను తెలుసుకోవాలి.

గౌరవంతో,
చక్రాల కుర్చీలో ఉన్న మీ నీటి వినియోగదారు